చప్పట్ల మీట

కంప్యూటరులో పాటలు వినేవాళ్ళలో చాలామందికి అందులో ఈక్వలైజర్ అనేది ఒకటి ఉంటుందని తెలియదు. తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, తెర మీద వరసగా నిలబడ్డ ఆ మీటలన్నిటినీ పైకి తోసేసి, "అబ్బ, ఏం మోగుతోందిరా" అని మురిసిపోతారు. కాసేపటికి తల వాచిపోయి, పాట కట్టేసి పడుకుంటారు. అలాంటివాళ్ళంటే కుముదినికి ఒళ్ళు మంట. ఒక గొంతు వినపడకపోతే దాన్ని పెంచడం కాదు, దానికి అడ్డమొచ్చేదాన్ని తగ్గించాలి అనేది ఆమె పద్ధతి. చిన్నప్పుడు అమ్మ నాటకాల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి, ఆ రొదలోంచి అమ్మ గొంతును బయటికి లాగుతూ నేర్చుకున్న పద్ధతి అది. టేపు బుసను దించేది. మైకు గీ మన్న చోటు దించేది. ముందు వరసలో ఎవరో దగ్గితే ఆ దగ్గునీ దించేది. అన్నీ దించాక అమ్మ పద్యం ఒక్కటే మిగిలేది.

ఆ అమ్మ పేరు మంగతాయారు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకం చూసేవాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. మగవేషం కట్టి, కిరీటం పెట్టి, రాజుగా రంగం మీదికొచ్చి పద్యం ఎత్తుకుంటే వెనక చాపల మీద కునుకు తీసేవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. పద్యం చివర రాగం తీసి ఆపగానే చప్పట్లు, వాటి వెనకే "వన్స్ మోర్" అని కేక. ఆ కేక పడితే పద్యం మళ్ళీ పాడాల్సిందే, మన నాటకాల్లో అదొక మర్యాద. రాజు యుద్ధానికి బయలుదేరినా సరే, ఆగి, మళ్ళీ పాడి, అప్పుడు పోవాలి. పాడకుండా పోతే జనం దాన్ని పొగరు కింద కడతారు. మంగతాయారు ఏనాడూ ఆ మాట పడలేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం కూతుర్ని అడిగేది, "ఎక్కడ బాగా కొట్టారే?" అని. తెలియక అడిగేది కాదు. కూతురి నోట ఇంకోసారి వినాలని అడిగేది.

అలాంటి మనిషి ఆరేళ్ళ కిందట రంగం మీద శ్రుతి తప్పింది. హార్మోనియం ముందున్నది సొంత తమ్ముడు భావనారాయణే. అక్క అందుకుంటుందేమోనని పద్యం ఎత్తుగడ మళ్ళీ వాయించాడు. ఆవిడ మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ తప్పింది. జనంలో ఎవరో నవ్వారు. పద్యం పూర్తిచేసి, దణ్ణం పెట్టి, లోపలికొచ్చి మొహానికున్న రంగు తుడుచుకుంది. ఆ తరవాత ఆ ఇంట్లో పద్యం వినపడలేదు.

గొంతు నిక్షేపంగా ఉంది. పోయింది చెవులు. మనుషుల మాటలు వినపడేవి, వీధిలో బస్సు హారను వినపడేది, హార్మోనియంలో మాత్రం ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ తేడా తెలిసేది కాదు. చెవి మిషను పెట్టిస్తే ఫ్యాను తిరగడం పెద్ద గాలివానలా వినపడింది, హార్మోనియం రేకు డబ్బాలా మోగింది. "ఇది పెట్టుకుని పాడేకంటే మూగదాన్నవడం నయం" అని తీసి బీరువాలో పడేసింది.

కుముదిని అప్పటికి గుంటూరు శివార్లలో ఒక ధ్వని ప్రయోగశాలలో పనిచేస్తోంది. శబ్దాన్ని సరిచేసే ఈక్వలైజర్లు ఊరికి వెయ్యి ఉన్నాయి, చెవినే సరిచేసేది ఒకటి చెయ్యాలని పట్టుబట్టి కూర్చుంది. తోడు పనిచేసే సాల్మన్ తప్ప మిగతా అందరూ మొదట్లో నవ్వినవాళ్ళే. ఐదేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వులు ఆగాయి. చెవుల్లో రెండు చిన్న బిళ్ళలు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే, లోపలి నరం ఏ శబ్దాన్ని ఎంత వింటోందో తెర మీద మీటలుగా కనపడేది. రోజూ కొంతసేపు కూర్చోబెట్టి ఏదైనా ఒక మీటని కొంచెం కొంచెంగా జరిపితే, మనిషి వినికిడి కూడా అటు జరిగేది.

దాన్ని మొదట తన చెవుల మీదే పరీక్షించుకున్నవాడు సాల్మన్. అతను ఆదివారాలు చర్చిలో వయొలిన్ వాయిస్తాడు. ఆ వయొలిన్ సన్నటి స్వరాల మీటని పైకి జరిపాక చర్చిలో కూర్చుని, ఇన్నేళ్ళూ తను వాయించింది తనకే సగం వినపడలేదని తెలిసి ఏడ్చాడు. నెల తిరక్కుండానే మెకానిక్కుతో గొడవ పెట్టుకున్నాడు, నా మోటారు సైకిలుకి సైలెన్సరు మార్చేశావు, దాని చప్పుడంతా పోయింది అని. మెకానిక్కు బండి స్టార్ట్ చేశాడు. వీధి వీధంతా తిరిగి చూసింది. సాల్మన్ ఒక్కడికే ఏమీ వినపడలేదు.

అప్పుడు తెలిసింది వాళ్ళకి, వినికిడి కూడా కాలవ నీళ్ళలాంటిదేనని. ఎగువన ఒక తూము ఎత్తితే దిగువన ఎవరిదో చేను ఎండుతుంది. ఎండినదానికి మళ్ళీ నీళ్ళు పెట్టడం ఎన్ని విధాలా ప్రయత్నించినా కుదరలేదు. ఒకసారి దిగిన మీటని బలవంతంగా పైకి తోస్తే అది లేవదు సరికదా, పక్కనున్నవి చెడిపోయేవి. సాల్మన్ బండి అమ్మేశాడు. వయొలిన్ మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి ప్రయోగశాలలో ఒక నియమం పెట్టుకున్నారు. ఏది కావాలో చెప్పడమే చాలదు, దానికి ఏది వదులుకుంటారో మనిషి తన నోటితో చెప్పాలి, అప్పుడే మీట కదపాలి.

ఇదంతా కుముదిని ఇంట్లో చెప్పలేదు. ఏదో ఒకటి వదులుకోమని అమ్మని అడగడానికి నోరు రాలేదు. ఒక మధ్యాన్నం భోజనానికొచ్చిన సాల్మన్, గోంగూర కలుపుకుంటూ బండి సంగతి మొత్తం చెప్పేశాడు. మంగతాయారు అతని మొహం వంకే చూస్తూ విన్నది.

"అయితే ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అంది కూతురితో.

"పోయింది మళ్ళీ రాదమ్మా."

"ఆరేళ్ళ నుంచీ పోయిందాంతోనే గదా ఉంటున్నా. రేపు నన్ను తీసుకుపో."

మర్నాడు జరీ అంచు చీర కట్టుకుని, నాటక పరిషత్తులో బహుమతి అందుకోవడానికి వెళ్తున్నట్టు ప్రయోగశాలకి వచ్చింది. చెవుల్లో బిళ్ళలు పెట్టి కూర్చోబెట్టారు. తెర మీద మీటలు చాలావరకూ అడుగునే ఉన్నాయి, వాటి దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. బలంగా నిలబడ్డవి రెండే రెండు. హార్మోనియం మీట లేవాలంటే ఆ రెండిట్లో ఒకటి దిగాలి.

సాల్మన్ మొదటిదాంట్లో ఉన్నవి వినిపించాడు. పక్కింటివాళ్ళ కబుర్లు, కూరగాయల బండివాడి కేక, "అమ్మా, తలుపేసుకో, వెళ్ళొస్తా" అని ఇంట్లో ఎప్పుడో కుముదిని అన్న మాట. తరవాత రెండోది వినిపించాడు. రేకుల మీద వాన, నూనెలో ఆవాల చిటపట, ఆ వెనక పాత క్యాసెట్టులోంచి తీసిన చప్పట్లు, వాటిలో కలిసిపోయిన జనం హోరు. ఆ చప్పట్లను కుముదినే కావాలని అందులో పెట్టింది. అమ్మకి చెప్పకుండా వాటిని తీసేసుకోవడం ఆమెకి దొంగతనంలా తోచింది.

మంగతాయారు కళ్ళు మూసుకుని రెండోదాన్ని చివరికంటా విన్నది. ఇంకోసారి వెయ్యమంది. సాల్మన్ వేశాడు. ఇంకోసారి అంది. మళ్ళీ వేశాడు.

"ఇది దించెయ్" అంది కళ్ళు తెరిచి.

"అమ్మా, అందులో చప్పట్లున్నాయి."

"విన్నా గదా."

"ఇంకెప్పటికీ వినపడవు. తరవాత నన్ననుకుని లాభం లేదు."

"చప్పట్ల కోసం పాడేవాళ్ళు వేరే ఉన్నార్లే. నేను వాళ్ళలో మనిషిని కాను" అంది మంగతాయారు. అది పచ్చి అబద్ధమని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆవిడే మళ్ళీ, "ఆ మొదటిదాంట్లో ఉన్నది నీ గొంతు. దాని జోలికి మాత్రం పోబాక" అంది.

కుముదిని తల తిప్పుకుని, ఏదో వైరు సరిచేస్తున్నట్టు బల్ల కిందికి వంగింది. సాల్మన్ అటు చూడకుండా తన పని తను చేసుకున్నాడు.

వర్షాకాలమంతా మీట దించుతూ పోయారు. రేకుల మీద వాన ముందు సన్నబడింది, తరవాత లేదు. ఒకరోజు మంగతాయారు వసారాలోకొచ్చి, బయట వాన పడటం కళ్ళతో చూసి, ఆరేసిన బట్టలు తడిసిపోయాయని తనను తనే తిట్టుకుంది. దెబ్బ గట్టిగా తగిలింది మాత్రం వంటింట్లో. ఆవిడ పోపు ఇంకొకర్ని పెట్టనిచ్చేది కాదు. పోపు చెవితో పెట్టాలి గానీ కంటితో కాదని కుముదినిని ఎన్నిసార్లు పక్కకి తోసిందో లెక్కలేదు. ఇప్పుడు ఆవాలు చిటపటలాడి, నల్లబడి, మాడి, ఇల్లంతా పొగ కమ్మేదాకా ఆవిడ వాటి కోసం చెవొగ్గి నిలబడే ఉంది.

"ఆవాలు పాతవి" అంది మూకుడు కడుగుతూ.

కుముదిని ఆ పప్పే వేసుకుని తిన్నది. మర్నాడూ ఆవాలు పాతవే అయ్యాయి. ఆ వారం కొత్త ఆవాలు తెప్పించారు, అవీ పాతవే అయ్యాయి. సాయం చేస్తానంటే మంగతాయారు ఒప్పుకోలేదు. ఆవిడ మొండితనానికి కూతురికి ఒక పక్క కోపం, ఒక పక్క గర్వం.

హార్మోనియం మీట మాత్రం లేస్తూ వచ్చింది. ఈ మొత్తం వ్యవహారం భావనారాయణకి మొదటి నుంచీ గిట్టలేదు. "చెవిని మిషనుకి అప్పజెప్పాక పద్యం ఎవరిదవుద్దక్కా? నీదా, దానిదా?" అని అడిగాడు. ముందు వాయించు, తరవాత చూద్దాం అంది అక్క. అతను విసుగ్గా ఒక మెట్టు నొక్కాడు. ఆవిడ ఆ స్వరం పలికింది. పక్క మెట్టు నొక్కాడు. అదీ పలికింది. కావాలని మెలికలు తిప్పి, ఎక్కడో పైన ఎవరికీ తట్టని చోట నొక్కాడు. ఆవిడ గొంతు తిన్నగా వెళ్ళి అక్కడ నిలబడింది. భావనారాయణ పెట్టె మూసేసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంత సంతోషం తన జన్మలో ఎరగనని ఆ సాయంత్రం కనపడ్డవాడికల్లా చెప్పాడు.

ఏ చిక్కూ లేకుండా రోజులు గడిచాయి. రోజూ ఇంట్లోనే సాధన. తమ్ముడు వాయించేవాడు, అక్క పాడేది, కుముదిని కంప్యూటరు దగ్గర కూర్చునేది. తప్పు జరిగింది అక్కడే. ఇంట్లో సాధన చేస్తుంటే చప్పట్లు కొట్టేదెవరు? నాటకాల ఇంట పుట్టి పెరిగిన ఆ ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆరేళ్ళ కిందట నవ్విన ఊళ్ళోనే మళ్ళీ ఆడతానంది మంగతాయారు. అక్కడి పరిషత్తువాళ్ళు సంబరంగా ఒప్పుకున్నారు. దీపాలు పెట్టే వేళకే పందిరి నిండిపోయింది. మంగతాయారు కిరీటం కింద చెవుల్లో బిళ్ళలున్నాయి. పక్క తెర చాటున కుముదిని, సాల్మన్ కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నారు. కంప్యూటరు తెర మీద హార్మోనియం మీట నిటారుగా ఉంది. చప్పట్ల మీట అడుగున పడి ఉంది.

రాజు రంగం మీదికొచ్చాడు. అందరికన్నా ముందు వెనక వరసవాళ్ళు గుర్తుపట్టి ఈల వేశారు. యుద్ధానికి బయలుదేరే ముందు పద్యం. భావనారాయణ ఎత్తుగడ వాయించి తలెత్తి అక్క వంక చూశాడు. ఆవిడ ఎత్తుకుంది. మొదటి పాదానికే పందిట్లో మాటలు ఆగిపోయాయి. రెండో పాదం, మూడో పాదం, గొంతు హార్మోనియం మీద ఎక్కడా జారలేదు. చివర కళ్ళు మూసుకుని రాగం తీసింది. ఆ రాగం ఎంత పైకి పోయిందంటే, అక్కడ హార్మోనియం వెనకబడి గొంతే ముందు నడిచింది. కుముదినికి తన తల్లిని చూసి గర్వం పొంగింది. ఈ ప్రపంచంలో ఎవరి కూతురిగానైనా పుట్టే అవకాశం ఇస్తే మళ్ళీ ఈవిడ కూతురిగానే పుడతాననుకుంది.

రాగం ఆగింది. పందిరి ఒక్కసారిగా లేచింది. చప్పట్లు, ఈలలు, నాలుగు పక్కల నుంచీ "వన్స్ మోర్, వన్స్ మోర్" అని కేకలు.

మంగతాయారు కళ్ళు తెరిచింది. ఎదురుగా పెద్ద దీపాల వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. చప్పట్ల హోరులో కలిసిపోయిన కేకలు కూడా ఆ మీటతోనే పోయాయి, ఏమీ వినపడలేదు. ఆవిడ వెనక్కి తిరిగి, రథం సిద్ధం చెయ్యమని సారథికి చెప్పే మాటలు మొదలుపెట్టింది.

జనం కేకలు పెంచారు. ఆవిడ మాటలు ఆ హోరులో కొట్టుకుపోతున్నాయి, అయినా చెప్పుకుంటూ పోతోంది. కాసేపటికి చప్పట్లు పలచబడ్డాయి. "ఏందా పొగరు?" అని దూరంగా ఒక గొంతు తెర చాటున ఉన్నవాళ్ళకి వినపడింది. "ఆరేళ్ళకి రంగమెక్కి అడిగినా పాడదంటే ఏమనుకోవాలి?" అని ఇంకొకటి. ముందు వరసలో ఇద్దరు లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు.

కుముదినికి అప్పుడు వెలిగింది, తాము ఏం మరిచిపోయారో. సాల్మన్ చెయ్యి దానంతటదే చప్పట్ల మీట మీదికి పోయింది.

"ఒక్క నిమిషం పైకి తోద్దామండీ, వినపడితే..."

"ముట్టుకోకు" అని కుముదిని ఆ చెయ్యి పక్కకి నెట్టింది. "అది లేవదు. హార్మోనియం పోతుంది." లేచి, తెర వెనక నుంచి వంగుకుంటూ భావనారాయణ పక్కకి చేరింది.

"మామయ్యా, పద్యం ఎత్తుగడ మళ్ళీ వాయించు."

భావనారాయణ మెట్ల మీది చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అమ్మాయ్, ఆ రోజు తప్పినప్పుడూ ఇదే వాయించా. ఇప్పుడు వాయిస్తే మళ్ళీ తప్పాననుకుంటది. ఇక్కడే కూలిపోద్ది మీ అమ్మ."

"కూలిపోయే మనిషైతే ఆ మీట దించమనేది కాదు. వాయించు."

అతను కళ్ళు మూసుకుని వాయించాడు.

మంగతాయారు మాట మధ్యలోనే ఆగింది. ఇన్ని చప్పుళ్ళలో ఆవిడకి అందిన చప్పుడు అదొక్కటే. రాజు మొహంలోంచి రాజు జారిపోయి ఒక ముసలావిడ బయటపడటం కుముదిని చూసింది. ఆవిడ తమ్ముడి వంక చూసింది. అతను తల దించుకున్నాడు. అటు నుంచి చూపు తిప్పితే కూతురు కనపడింది. కుముదిని జనం వైపు చెయ్యి చూపించింది.

మంగతాయారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దీపాలు దాటి రంగం అంచు దాకా నడిచింది. అక్కడి నుంచి పందిరి కనపడింది. సగం మంది ఇంకా నిలబడే ఉన్నారు. ఆవిడ అంచుకొచ్చి తమనే చూడటంతో మిగతావాళ్ళూ లేచారు. చేతులు లేచాయి, కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. చాపల మీది పిల్లల చేతులు, వెనక స్తంభాల దగ్గర ఆడవాళ్ళ చేతులు, తువ్వాళ్ళు దులుపుకున్న ఆ ఇద్దరి చేతులూ. చప్పుడు లేని ఆ చేతులన్నిటినీ ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. నడుం నిటారైంది. వెనక్కి తిరిగి, తమ్ముడి వంక అచ్చం రాజులాగే తల ఊపింది.

రెండోసారి పాడిన పద్యం మొదటిదాన్ని మించిందని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆఖర్న రాగం తీసేటప్పుడు ఈసారి ఆవిడ కళ్ళు మూసుకోలేదు. మూడోసారి ఎత్తుగడ వినపడినప్పుడు ఆవిడకి భయం లేదు, నవ్వుకుంటూ ఎత్తుకుంది. భావనారాయణ కన్నీళ్ళు మెట్ల మీద పడుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి గదా. తెర చాటున సాల్మన్ చప్పట్లు కొడుతూ, కొట్టేది ఆవిడకి వినపడదని గుర్తొచ్చి, రెండు చేతులూ తల మీదికెత్తి మళ్ళీ కొట్టాడు.

తిరుగుదారిలో కారు కుముదిని నడుపుతోంది. భావనారాయణ వెనక సీట్లో పెట్టె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. "ఎక్కడ బాగా కొట్టారే?" అని అమ్మ ఎప్పటిలా అడుగుతుందని కుముదిని ఎదురుచూసింది. కాలవ దాటారు, రైలు గేటు దాటారు. అమ్మ అడగలేదు. చివరికి తనే అంది.

"మొదటి రాగం దగ్గర బాగా కొట్టారమ్మా. కానీ రెండోసారి ఇంకా..."

"చూశాగా" అంది మంగతాయారు. కిటికీలోంచి బయటికి చూసింది. కారు అద్దం మీద సన్నటి వాన పడుతోంది. ఆ వాన చప్పుడు కుముదిని వింటోంది. ఆవిడ అద్దం మీద వేలు పెట్టి ఒక చుక్క జారడం చూస్తోంది.

"కుముదా."

"ఏంటమ్మా?"

"రేపటి నుంచి పోపు నువ్వు పెట్టు."